నీలం లైటు కోసం ఆగని ఆదివారం

ముందు సంతోషమైన సంగతి చెప్పేస్తాను, కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు. నేను డిగ్రీ పాసయ్యాను. ముప్పై ఏడేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లలతో, ఉద్యోగం చేస్తూ.

మా ఆయన బీటెక్. ఆడపడుచు ఎంసీఏ. మరిది పళ్ళ డాక్టరు. అదంతా వాళ్ళింటి గొప్ప. మా పుట్టింట్లో, అమ్మ వైపు వెతికినా నాన్న వైపు వెతికినా, ఇంటర్ దాటిన మనిషి లేడు. నాన్న లారీ క్లీనర్‌గా ఎక్కి డ్రైవర్‌గా దిగాడు. అమ్మకి సంతకం వచ్చు, అంతే. నాకు ఇంటర్ పరీక్షలు అయిన ఎండాకాలంలోనే పెళ్ళి చేసేశారు. అలాంటిది, మొన్న మే నెలలో గౌను వేసుకుని స్టేజీ ఎక్కాను. నా పేరు పిలిచినావిడ సగం అక్షరాలు మింగేసింది. పోన్లే, మిగిలిన సగం నాదే.

కనపడిన వాళ్ళందరికీ చెప్పాను. ఇండియన్ స్టోర్‌లో బిల్లు కొట్టే అమ్మాయికి చెప్పాను. చిన్నోడి స్కూల్ బస్ డ్రైవర్‌కి చెప్పాను. పళ్ళు క్లీన్ చేయించుకుంటూ, నోట్లో ఆ పైపు ఉండగానే, ఆ క్లీన్ చేసే ఆవిడకి చెప్పాను. ఆవిడకి ఏం అర్థమయిందో గానీ "వావ్" అంది.

కానీ నేను పాసయ్యానని అందరికంటే ముందు తెలిసింది ఒకాయనకి. మా ఆయన కంటే ముందు, అమ్మ కంటే ముందు. డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, ఆష్‌బర్న్ అనే ఊళ్ళో, డేటా సెంటర్‌లో నా పక్కన నిలబడి ఉన్నాడు. ఆ సంగతి విని నా తల మీద చెయ్యి పెట్టాడు. తరవాత పది నిమిషాలు తిరక్కుండానే ఆయన ఉద్యోగం పోయే పని జరిగింది. చేసింది నేను. ఈ సంగతి చెప్పకుండా, పాసైన సంగతి ఒక్కటీ చెప్పుకుని తిరుగుతున్నాను చాలా రోజులుగా. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేము పనిచేసే బిల్డింగ్‌కి కిటికీలుండవు. బయట నుంచి చూస్తే గోడౌన్ అనుకుంటారు. లోపల వరసలు వరసలుగా ఇనప బీరువాలు, ఒక్కో బీరువాలో ఇడ్లీ రేకుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చిన సర్వర్లు. ఫ్యాన్ల హోరుకి చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోవాలి. ఆగస్టులో కూడా స్వెట్టర్ వేసుకోవాలి. ఎక్కడో కూర్చున్న రిమోట్ టీమ్ "ఫలానా సర్వర్‌లో ఫలానా పార్టు పోయింది" అని టికెట్ పంపిస్తుంది. మేము వెళ్ళి, దాని మీద లైట్లు చూసి, పోయింది అదేనా కాదా అని తేల్చుకుని, పార్టు మార్చి వస్తాం. నేను అందులో కాంట్రాక్టు మీద చేరాను. డిగ్రీ చేతికొస్తే పర్మనెంట్ చేస్తామని మేనేజర్ చెప్పింది. పగలు పని, మిగిలిన టైములో చదువు.

మొదటి రోజు నన్ను ఇందాక చెప్పిన ఆయనకి అప్పజెప్పారు. అరవై దాటి ఉంటాడు. నెరిసిన మీసం, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్, చేతిలో స్టీలు ఫ్లాస్కు.

"తెలుగేనా?" అన్నాడు నా బ్యాడ్జి చూసి.

"అవును సర్. తెనాలి దగ్గర."

"సర్ గిర్ ఏంది? నన్ను సర్ అంటే మా మేనేజరమ్మకి కోపమొస్తది. కాకా అను."

అలా కాకా అయ్యాడు. వాళ్ళది హనుమకొండ. అక్కడ రేడియోలు, టీవీలు బాగుచేసే షాపులో పనిచేసేవాడట. అన్నగారు స్పాన్సర్ చేస్తే ఈ దేశం వచ్చాడు. ఈ బిల్డింగ్ తలుపులు తెరిచిన రోజు నుంచీ ఇందులోనే ఉన్నాడు. "ఐటీఐ గూడ సగంల ఇడ్సిపెట్టిన బిడ్డా, నీలెక్క చదువుకునే ఓపిక నాకు లేకుండె" అనేవాడు. ఇంట్లో ఆయన భార్య ఉంది, నేను చిన్నమ్మా అని పిలుస్తాను. ఆవిడకి కీళ్ళ జబ్బు. నెలనెలా ఇంజెక్షన్ పడకపోతే వేళ్ళు ముడుచుకుపోతాయి. ఆ ఇంజెక్షన్ కాకా ఇన్సూరెన్స్ మీద వచ్చేది. "ఈ బ్యాడ్జి నా మెడల ఉన్నంత సేపే ఆమె చేతులు ఆడతయ్" అని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వుతూ చెప్పినా నాకు గుర్తుండిపోయింది.

లైట్లు చదవడం ఆయనే నేర్పాడు. సర్వర్ వెనకాల రెండు కరెంటు సప్లైలుంటాయి, ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. దాని పక్కన చిన్న లైటు. ఆకుపచ్చగా నిలకడగా ఉంటే బాగున్నట్టు. యాంబర్ వస్తే తేడా. యాంబర్ అంటే పసుపుకీ నారింజకీ మధ్య, బాగా పండిన బొప్పాయి ముక్క రంగు. నేను యాంబర్ కనపడగానే కొత్త సప్లై కోసం స్టోర్‌రూమ్‌కి పరిగెత్తబోతే వెనక్కి పిలిచేవాడు.

"ఎటు ఉరుకుతున్నవ్? ఫస్టు వైరు గుంజి మల్ల పెట్టు. సగం బీమార్లు గట్లనే పోతయ్."

పెడితే ఆకుపచ్చ వచ్చేది. నాకు సిగ్గేసేది.

మెమరీ పోతే సర్వర్ ముందు యాంబర్ వెలుగుతుంది, మూత తెరిస్తే పోయిన ముక్క పక్కనే ఆవగింజంత లైటు ఉంటుంది. మూత తీసి ఎక్కువసేపు ఉంచితే అది ఆరిపోతుంది, కాబట్టి ముందు అది చూసుకోవాలి. నెట్‌వర్క్ తీగ దగ్గర లైటు అసలు వెలగకపోతే తీగ పోయిందనుకోవద్దు, అవతలి చివర ఎవరైనా తట్టారేమో చూడాలి. డిస్కులైతే, బాగున్న డిస్కు లైటు పని ఉన్నప్పుడు ఒక పద్ధతి లేకుండా మిణుకుమంటుంది, పోయినది కదలకుండా ఒక్క చూపు చూస్తుంది. ఇవన్నీ మాన్యువల్‌లో ఉంటాయి. కానీ ఆయన చెప్తే జబ్బుపడ్డ మనుషుల గురించి చెప్తున్నట్టుండేది.

ఎక్కడికెళ్ళినా నన్ను ముందు నిలబెట్టేవాడు. తను ఒక అడుగు వెనక. "ఏం రంగు బిడ్డా?" అనేవాడు.

నేను చెప్పేదాన్ని. నేను చెప్పింది తిరిగి చెప్పేవాడు. నేను "ఔను కాకా" అంటే అప్పుడు చెయ్యి పెట్టేవాడు. రోజుకి ఇరవైసార్లు ఇదే. నాకు పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. ఆరు నెలలైనా ఆపకపోయేసరికి ఇంటికెళ్ళి మా ఆయనతో అన్నాను కూడా, "కాకాకి నా మీద ఇంకా నమ్మకం కుదర్లేదు" అని.

ఒక రోజు నేను పొరపాటున కింద సర్వర్ చూసి పైదాని గురించి చెప్పాను. "రెండూ ఆకుపచ్చే" అన్నాను. "రెండూ ఆకుపచ్చ" అని తిరిగి చెప్పి, టికెట్‌లో అలాగే రాసేశాడు. సర్వర్ ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఉంది. అందులో ఒకటి యాంబర్ అని నాకు అప్పుడు కనపడింది. ఆయన దానివంకే చూస్తున్నాడు. చూస్తూనే రాస్తున్నాడు.

"కాకా, పైది యాంబర్. నేను తప్పు చెప్పాను."

రాయడం ఆపాడు. నావంక చూడలేదు.

"గట్లనా" అన్నాడు.

ఆయన నాకు పరీక్ష పెట్టడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆరు నెలలుగా.

లంచ్ టైములో పార్కింగ్‌లో, ఆయన కారులో కూర్చుని చెప్పాడు. పుట్టుకతోనే ఆకుపచ్చకీ ఎరుపుకీ పసుపుకీ తేడా సరిగ్గా తెలియదట. హనుమకొండ షాపులో రెసిస్టర్ల మీద రంగు గీతలు చూసి విలువ చెప్పాలి, ఈయన ప్రతిదాన్నీ మీటర్ పెట్టి కొలిచేవాడు. "మా సేటు ఏమనుకునెటోడు తెల్సా? పోరడు మస్తు జాగ్రత్తగ చేస్తడు, గీతలు గూడ నమ్మడు అనెటోడు. అందరికీ నన్ను జూపెట్టి తిట్టెటోడు." ఇక్కడ ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు రంగులు తెలుస్తాయా అని ఒక ప్రశ్న ఉంది. తెలుస్తాయని టిక్కు పెట్టాడు. "అప్పుడు అబద్ధం రాసిన. ఇన్నేండ్లకి పోయి నిజం చెప్తే, ఇన్నేండ్లు మోసం చేసినవా అంటరు గద."

నీలం మాత్రం బాగా కనపడుతుంది ఆయనకి. ప్రతి డిస్కు దగ్గరా ఒక నీలం లైటు ఉంటుంది, మామూలుగా ఆరిపోయి ఉంటుంది. రిమోట్ టీమ్‌కి ఫోన్ చేస్తే వాళ్ళు అక్కడ నుంచి దాన్ని వెలిగిస్తారు, 'తియ్యాల్సింది ఇదే' అని. డిస్కు తీసేముందు అలా వెలిగించమని అడగాలని రూలు. వీకెండ్‌లో వాళ్ళు ఫోనెత్తేసరికి అరగంట పడుతుంది, అందుకని యాంబర్ కనపడుతుంటే ఎవరూ అడగరు. ఈయన ఒక్కడే ప్రతిసారీ అడిగేవాడు. ఆఫీసులో కుర్రాళ్ళు 'మిస్టర్ బ్లూ' అని ఏడిపించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

"పెండ్లిచూపులల్ల మీ చిన్నమ్మ ఏం రంగు చీర కట్టిందో నాకు ఇప్పటికీ తెల్వదు బిడ్డా. మెరూన్ అంటది. సరే అన్న."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

"ఎవరికీ చెప్పను కాకా" అన్నాను.

"చెప్పకు. ఇంకో నాలుగేండ్లు. అటెన్క అరవై అయిదు పడితే గవర్నమెంట్ ఇన్సూరెన్స్ వస్తది, ఈ బ్యాడ్జి వాళ్ళ ముఖాన కొడ్త."

ఆ రోజు నుంచి మేమిద్దరం ఒక మనిషిలా పనిచేశాం. చూసేది నేను, తీసేది ఆయన. వైర్ల మధ్యలో చెయ్యి పెట్టి ఒక్కటీ కదలకుండా పార్టు తియ్యడం ఆయనకే చాతనయ్యేది. మెల్లమెల్లగా నీలం లైటు అడగడం తగ్గించాడు. నేనున్నాను కదా. ఒకసారి తనే అన్నాడు, "నీ కండ్లు మంచియి, ఇగ ఆ ఫోన్ల కోసం ఎవడు ఎదురుచూస్తడు" అని. నాకప్పుడు గర్వంగా అనిపించింది. మిస్టర్ బ్లూ నన్ను నమ్ముతున్నాడు అని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఎవరికీ చెప్పకూడని సంగతి కాబట్టి ఊరుకున్నాను.

ఇక ఆ ఆదివారం.

నా డిగ్రీకి ఆఖరి ప్రాజెక్టు మార్కులు ఒక్కటీ రావాలి. ముందు ఏడాది అందులో ఫెయిలయ్యాను. ఈసారి కూడా పోతే చదువు మానేస్తానని మా ఆయనతో చెప్పేశాను కూడా. మూడు రోజులుగా ఫోన్ చూడటం, జేబులో పెట్టడం, మళ్ళీ తియ్యడం. కాకా విసుక్కున్నాడు, "దాన్ని అట్ల గోకితే మార్కులు పెరుగుతయా?" అని.

టికెట్ డిస్కుది. ఇరవైనాలుగు డిస్కులు అడ్డంగా ఒక వరసలో, అల్మరాలో పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. అందులో ఒకటి పోయింది. ఒకటి పోతే మిగతావి కలిసి దాని పని కూడా చేసేస్తాయి, బయట వాళ్ళకి తెలియను కూడా తెలియదు. అది మార్చే లోపల రెండోది కూడా పోయిందా, మొత్తం ఆగిపోతుంది. అందుకే పోయినదాన్నే తియ్యాలి. బాగున్నదాన్ని తియ్యకూడదు. మా పని మొత్తం మీద తప్పు చేయకూడనిది ఏదైనా ఉంటే ఇదే.

దాని ముందు నిలబడ్డాం. ఆదివారం కదా, వాడే వాళ్ళు లేరు. డిస్కులన్నీ ఖాళీగా ఉన్నాయి, ఏ లైటూ మిణుకుమనడం లేదు. అన్నీ నిలకడగా వెలుగుతున్నాయి. అంటే కాకాకి ఇరవైనాలుగూ ఒకటే.

అప్పుడు ఫోన్ అదిరింది. తీసి చూశాను. పాస్.

నేను అరిచిన అరుపుకి ఆయన ఒక్క గెంతు గెంతాడు. "ఏమైంది! షాక్ కొట్టిందా?"

"పాసయ్యా కాకా!"

"ఏందీ?"

"పాసయ్యాను! డిగ్రీ వచ్చేసింది!"

చెవిలో ప్లగ్గు తీశాడు. "మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. "మీ ఇంట్ల ఫస్టా?" అన్నాడు. "ఫస్టే కాకా" అన్నాను. చెయ్యి తీసి నా తల మీద పెట్టాడు. నాన్న పోయాక అలా ఎవరూ పెట్టలేదు. కళ్ళు తుడుచుకున్నది ఆయనే.

"ఇగ పర్మనెంట్ పక్కా. ఈ ముక్క మార్చి కిందికి పోదం. చిన్నమ్మ సర్వపిండి పెట్టింది, ఇయ్యాల మొత్తం నీకే."

"పదండి పదండి" అన్నాను. చేతిలో ఫోనుంది. మా ఆయనకి మెసేజ్ కొడుతున్నాను.

"నీలం అడుగుదమా?" అన్నాడు.

"ఎందుకు కాకా, నాకు కనపడుతోందిగా."

టికెట్‌లో స్లాట్ ఏడు అని ఉంది. కంప్యూటర్లు సున్నా నుంచి లెక్కపెడతాయి. స్లాట్ ఏడు అంటే ఎడమ నుంచి ఎనిమిదోది. ఇది మొదటి వారంలోనే ఆయన నాకు నేర్పిన పాఠం. లైటు చూస్తే అసలు లెక్కపెట్టే పనే లేదు. నేను లైటు చూడలేదు. టికెట్‌లో ఏడు గుర్తుంది, అంతే.

"ఎడమ నుంచి ఏడోది కాకా."

వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఏడో దాని మీద ఆగాడు.

"ఏం రంగు బిడ్డా?"

నేను తలెత్తలేదు. మెసేజ్‌లో పువ్వు బొమ్మలు పెడుతున్నాను.

"యాంబరే కాకా."

"యాంబర్" అన్నాడు. ఆగాడు.

"ఔను కాకా, తియ్యండి."

డిస్కు బయటికి వచ్చే చప్పుడు నాకు ఆ హోరులో కూడా వినపడింది. తరవాత కాకా గొంతు, చాలా మెల్లగా.

"బిడ్డా. అన్నీ ఒక్కసారి ఎందుకు కదిలినయ్?"

తలెత్తాను. ఆయన చేతిలో ఒక డిస్కు ఉంది. దాని జాగా పక్కనే, ఎనిమిదోది, యాంబర్‌గా వెలుగుతూ అక్కడే ఉంది. ఆ వరసంతా ఒక్కసారిగా యాంబర్ అయి మిణుకుమంటోంది. ఆయనకి రంగు తెలియలేదు గానీ ఆ కదలిక తెలిసింది. ఆ ముఖం ఎలా మారిందో నేను చూశాను. నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

వెంటనే తిరిగి లోపలికి తోశాడు. అది తీసుకోలేదు. ఒకసారి బయటికి వచ్చిన డిస్కుని ఆ సర్వర్ ఇక తనదనుకోలేదు.

అందులో ఉన్నవి పిల్లల పళ్ళ క్లినిక్కుల రికార్డులు. సోమవారం పొద్దున్నే పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మానాన్నలు ఎక్స్‌రేలు లేక వెనక్కి వెళ్ళిపోయారట. పాత కాపీ నుంచి చాలావరకు తిరిగి తెచ్చారు గానీ, చివర్లో కొన్ని రోజులవి రాలేదు. కస్టమర్ ఊరుకోలేదు.

మంగళవారం మమ్మల్ని విడివిడిగా పిలుస్తామన్నారు. ముందు రోజు పార్కింగ్‌లో కాకా కారులోనే కూర్చున్నాం.

"నేనే తప్పు చెప్పానని చెప్పేస్తాను కాకా."

"చెప్పి?"

"మీ తప్పు లేదని తెలుస్తుంది కదా."

"ముఖం ముందర ఉన్న లైటు నీకెందుకు కనపడలే, ఆ పిల్లని ఎందుకడిగినవ్ అంటరు. అప్పుడేం చెప్పాలె? నా కండ్ల సంగతి బయటపడితే ఈ ఊర్ల ఇంకే బిల్డింగ్ల గూడ రానియ్యరు. నీ పర్మనెంట్ గూడ పోతది. వద్దు. జర చూసుకోకుండ తీసిన అని చెప్త. ఇన్నేండ్ల సర్వీసున్నది, తిట్టి ఇడ్సిపెడతరు."

ఇక్కడ ఒక మాట నిజం రాయాలి. నేను ఆగింది ఆయన వద్దన్నందుకు కాదు. ఆయన వద్దనగానే నాకు గుండెల మీద నుంచి బరువు దిగింది. అప్పటికే పర్మనెంట్ ఉత్తరం వస్తుందని అమ్మకి చెప్పేశాను. అమ్మ ఊరంతా చెప్పేసింది. "సరే కాకా" అన్నాను. రెండోసారి బతిమాలించుకోలేదు.

మేనేజర్ నన్ను అడిగింది, "నువ్వు అక్కడున్నావు కదా, ఏం చూశావు?" అని. "నేను ఫోన్ చూసుకుంటున్నాను" అన్నాను. అది నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

తిట్టి వదిలిపెట్టలేదు. సీనియర్ అయ్యుండి నీలం లైటు అడగలేదన్నారు. ఇన్నేళ్ళు ప్రతిసారీ అడిగి, అందరి చేతా నవ్వించుకున్న మనిషిని ఆ మాట అన్నారు. శుక్రవారం బ్యాడ్జి తీసుకున్నారు. ఫ్లాస్కు, లంచ్ బాక్సు పట్టుకుని కారు దాకా నడిచాడు. వెనక నేనూ నడిచాను.

"అట్ల ఏడ్వకు, చూసినోళ్ళు నేను సచ్చిపోయిన అనుకుంటరు" అన్నాడు. ఆ ఆదివారం తినని సర్వపిండి గుర్తొచ్చి అడిగాడు, "తిన్నవా ఆ రోజు?" అని. తినలేదు. బ్రేక్‌రూమ్ ఫ్రిజ్‌లో అలాగే ఉండిపోయింది.

జనవరిలో నాకు పర్మనెంట్ ఉత్తరం వచ్చింది.

మార్చిలో కంపెనీ అందరికీ ఒక ట్రైనింగ్ పెట్టింది, ఇలాంటి తప్పు మళ్ళీ జరక్కూడదని. హెచ్ఆర్ ఆవిడ ఒక ట్యాబ్ చూపించింది. సర్వర్ ముందు పెడితే స్లాట్ నంబరు, పక్కన 'పోయింది', 'బాగుంది' అని మాటల్లో వస్తుంది. "రంగులు తెలియడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళు సిగ్గుపడకుండా అడగండి, ఎప్పటి నుంచో మా దగ్గర ఉన్నాయి, ఇవ్వడం మా బాధ్యత" అంది. ఎప్పటి నుంచో. ఆ మాట తరవాత ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

ఆ మధ్యాహ్నమే మేనేజర్ గదికి వెళ్ళాను. స్లాట్ తప్పు చెప్పింది నేనేనని, రంగు కూడా చూడకుండా చెప్పానని చెప్పాను. ఆయన కళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు, మాటిచ్చాను కాబట్టి. ఉద్యోగం పోతుందనే వెళ్ళాను. ఆవిడ విన్నది. ఏదో రాసుకుంది. "చెప్పినందుకు థ్యాంక్స్. ఫైల్ మూసేశాం, ఆయన ప్లేస్‌లో మనిషి కూడా వచ్చేశాడు" అంది. నన్ను ఏమీ చెయ్యలేదు. ఒక వార్నింగ్ ఉత్తరం, అంతే. నేను అంత భయపడి దాచుకున్నది ఆ ఒక్క కాగితం కోసమా అనిపించింది. డిసెంబర్‌లోనే చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు.

గ్రాడ్యుయేషన్‌కి కాకా కోసం ఒక టికెట్ దాచాను. ఫోన్ చేస్తే "చూస్త బిడ్డా" అన్నాడు. నా పక్కవాళ్ళందరూ కేకలేస్తుంటే నేను స్టేజీ మీద నుంచి కుర్చీల వరసలు చూశాను. మా ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

అక్కడ నుంచి గౌనుతోనే స్టెర్లింగ్‌లో వాళ్ళింటికి వెళ్ళాం. మా ఆయనా పిల్లలూ కారులో ఉన్నారు, నేను ముందు దిగాను. బెల్లు కొడితే చాలాసేపటికి గాని తలుపు తెరుచుకోలేదు. చిన్నమ్మ. గడియ తియ్యడానికి రెండు చేతులూ, మోచెయ్యీ వాడింది. వేళ్ళు లోపలికి మడుచుకుని ఉన్నాయి. ఇంజెక్షన్ సంగతి నేను అడగలేదు. అడగక్కర్లేదు.

"వచ్చినవా తల్లీ" అని ఆ చేతులతోనే నా చెంపలు పట్టుకుంది.

కాకా లోపల నుంచి వచ్చాడు. ఇండియన్ స్టోర్ ఏప్రన్ ఇంకా విప్పలేదు. ఆదివారం కూడా పనికి పిలిచారట, అందుకే రాలేకపోయానన్నాడు. "టమాటల కాడ పెట్టకుండ్రి అని ముందే చెప్పిన. పచ్చియి, పండియి కలిపి పెడ్త గద. బియ్యం బస్తాల కాడ ఏసిండ్రు." నవ్వాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

"మేనేజర్‌కి చెప్పేశాను కాకా. నేనే తప్పు చెప్పానని."

ఏప్రన్ ముడి విప్పుకున్నాడు. "ఏమన్నది?"

"ఫైల్ మూసేశారంట."

"మూసిండ్రు గద. మరి నువ్వు గూడ మూసెయ్" అన్నాడు. కోపంగా అన్నాడో, దయగా అన్నాడో నాకు తెలియలేదు. తరవాత నా గౌను వంక, మెడ వెనక నుంచి వేలాడుతున్న గుడ్డ వంక చూశాడు. దాని అంచు పట్టుకుని తిప్పాడు.

"ఏం రంగు బిడ్డా ఇది?"

ఆ గుడ్డ నా మెడలో పొద్దున్నించీ ఉంది. ఎన్నో ఫోటోలు దిగాను. నాకు చెప్పడం రాలేదు. మెడలోంచి తీసి, రెండు చేతులతో వెలుతురులోకి పట్టుకుని, లోపలా బయటా చూశాను.

"బయట నలుపు కాకా. లోపల ఆకుపచ్చ. అంచుకి పసుపు."

"బయట నలుపు. లోపల ఆకుపచ్చ. అంచుకు పసుపు" అన్నాడు.

అని ఆగాడు. చెయ్యి గాలిలోనే ఉంది, నేను చెప్పే మాట కోసం.

ఇంకోసారి చూసుకుని, "ఔను కాకా" అన్నాను. అప్పుడు ఆ చెయ్యి నా తల మీద పెట్టాడు.